మనం, మేము, మనవాళ్ళు

2022 జనవరిలో ఒక రాత్రి. గుడివాడలో మా ఇంట్లో నేనూ నాన్నా టీవీ ముందు కూచున్నాం. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులవి. ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్ నడుస్తోంది. కరోనా వల్ల ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లోనే పెట్టారు. ప్రేక్షకులు లేరు. నా ఆఫీసు కూడా అటువైపే. ఆఫీసేమో లాప్‌టాప్‌తో పాటు మా ఇంటి మేడ మీదికి వచ్చేసింది, నేను అభిమానించే జట్టేమో నా ఆఫీసు పక్కకి వెళ్ళి ఆడుతోంది.

ఆ రాత్రి తెలుగు టైటాన్స్ 35-34తో జైపూర్ పింక్ పాంథర్స్ మీద గెలిచింది. జైపూర్ అంటే 2014లో మొట్టమొదటి సీజన్ కప్పు కొట్టిన జట్టు. టైటాన్స్‌కి ఆ సీజన్లో అది మొదటి గెలుపు. చివరిది కూడా అదే అవుతుందని అప్పటికి తెలీదు. ఒక్క పాయింటు తేడా. ఆఖరి నిమిషాలు నేను కుర్చీలో కూచోలేదు, టీవీకీ తలుపుకీ మధ్య నిలబడి చూశాను. నాన్న మాత్రం కాళ్ళు ముడుచుకుని కూచున్నచోటే ఉన్నాడు గానీ, విజిల్ పడగానే "హమ్మయ్య" అన్న మాట ఆయన నోట్లోంచే ముందు వచ్చింది.

రెండు నిమిషాలకి ఫోన్ మోగింది. నాగాయలంక దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి మా బామ్మర్ది. మేనమామ కొడుకు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న.

"గెలిచాం బావా!" అన్నాడు.

నేనూ "గెలిచాం రా" అనాలి. నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. "ఆఁ, గెలిచారు" అన్నాను.

వాడు గమనించాడో లేదో తెలీదు. నేను గమనించాను. నాకు ఎంత సంతోషంగా ఉందో అంత ఇబ్బందిగానూ ఉంది. ఇంట్లో ఎవరో వండిపెట్టిన భోజనానికి, పని చెయ్యకుండా వచ్చి కూచున్నవాడి ఇబ్బంది అది. అదెందుకో అర్థం చేసుకోడానికి ఇంతకాలం పట్టింది. ఈ వ్యాసం దాని గురించే.

*

ముందు కొన్ని లెక్కలు. నా వృత్తి అలాంటిది, లెక్క చూడకపోతే నాకు బాధ కూడా నమ్మబుద్ధి కాదు.

ఎనిమిదో సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి 1 గెలిచింది, 17 ఓడింది, 4 టై. తొమ్మిదో సీజన్లో 22కి 2 గెలిచింది, 20 ఓడింది. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలకి పైగా పోసి కొన్నారు. లీగ్‌లో అప్పటిదాకా ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. అయినా 22కి 2 గెలుపులు, 19 ఓటములు, 1 టై. మూడు సీజన్లలోనూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. మొత్తం 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు.

ఇక్కడే ఇంకో లెక్క ఉంది. అప్పట్లో లీగ్‌లో గెలిస్తే 5 పాయింట్లు, టై అయితే 3. ఓడినా ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1 పాయింటు ఇచ్చేవారు. ఎనిమిదో సీజన్లో టైటాన్స్‌కి వచ్చినవి 27 పాయింట్లు. ఒక గెలుపుకి 5, నాలుగు టైలకి 12, కలిపి 17. మిగిలిన 10 పాయింట్లూ దగ్గరదాకా వచ్చి ఓడిన మ్యాచ్‌లవి. అంటే 17 ఓటముల్లో పది, ఒకటి రెండు రైడ్లు అటూ ఇటూ అయితే మారిపోయే మ్యాచ్‌లు.

చిత్తుగా ఓడిపోయే జట్టుని చూడ్డం ఒకరకం. మనసు ముందే సర్దుకుంటుంది. ప్రతిసారీ గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళే జట్టుని చూడ్డం ఇంకోరకం. ఆ ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు ఏదో ఒక తప్పు చేస్తారు. అప్పుడు మనకి తిట్టడానికి ఒక మొహం దొరుకుతుంది.

*

మనం ఫ్యాన్‌కి వాడే తెలుగు మాట "అభిమాని". ఇంగ్లీషు మాట వెనకాల పిచ్చి, వెర్రి ఆవేశం ఉన్నాయంటారు. మన మాట వెనకాల ఉన్నది వేరు. అభిమానం అంటే ఇష్టం, నిజమే. కానీ "అభిమానం దెబ్బతింది" అన్నప్పుడు దెబ్బతిన్నది ఇష్టం కాదు, ఆత్మగౌరవం. "అభిమానవంతుడు" అంటే ఇతరుల్ని ప్రేమించేవాడని కాదు, మాట పడనివాడని. వేదాంతులు "దేహాభిమానం" అంటారు. ఈ దేహమే నేను అనుకోవడం. వాళ్ళ దృష్టిలో అదొక పొరపాటు, వదిలించుకోవాల్సింది.

అంటే మన భాష ప్రకారం అభిమాని అంటే, తను కానిదాన్ని తననుకునేవాడు. ఈ నిర్వచనం నాకు భయంకరంగా కచ్చితంగా అనిపిస్తుంది. రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు. సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్ర వాడు. పవన్ ఢిల్లీ వాడు. నేను గుడివాడ వాణ్ణి. వాళ్ళెవరికీ నేను తెలీదు. వాళ్ళు రైడ్‌కి వెళ్తే నా చేతులకి చెమట పడుతుంది. జెర్సీ మీద "తెలుగు" అని రాసి ఉండటం తప్ప మా మధ్య ఏమీ లేదు. ఆ మాట కూడా ఒక కంపెనీ తన జట్టుకి పెట్టుకున్న పేరులో భాగమే.

మరి "గెలిచాం" అనే హక్కు నాకెక్కణ్ణుంచి వచ్చింది?

ఇందులో మన భాష ఇంకో సాయం చేస్తుంది. ఇంగ్లీషులో ఒక్కటే "వుయ్". మనకి రెండున్నాయి. "మేము" అంటే వినేవాడు అందులో లేడు. "మనం" అంటే వినేవాడు కూడా ఉన్నాడు. కెప్టెన్ మైకు ముందు నిలబడి "మేం బాగా ఆడాం" అంటాడు. అది అతని సొత్తు. అభిమాని ఎంత వెర్రివాడైనా "మేం ఆడాం" అనడు. "మనం గెలిచాం" అంటాడు. అందులో ఆటగాడూ ఉన్నాడు, తనూ ఉన్నాడు, పక్కన కూచుని వింటున్నవాడూ ఉన్నాడు. అందుకే ఆ మాట ఒంటరిగా అనుకోడానికి ఏమంత రుచిగా ఉండదు. ఎవరికైనా ఫోన్ చెయ్యాలి. మా బామ్మర్ది చేసింది అదే. "గెలిచాం బావా" అన్నప్పుడు వాడు నాకు వార్త చెప్పట్లేదు, నన్ను అందులోకి పిలుస్తున్నాడు.

నేను వెళ్ళలేదు. ఎందుకంటే అంతకు రెండు వారాల ముందే అందులోంచి నేను బయటికి నడిచాను.

*

1976లో రాబర్ట్ సియాల్డినీ అనే సైకాలజిస్టు, తన సహచరులతో కలిసి అమెరికా యూనివర్సిటీల్లో ఒక అధ్యయనం ప్రచురించాడు. తమ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గెలిచాక వచ్చే సోమవారం, యూనివర్సిటీ పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువ. ఓడితే తక్కువ. తర్వాత విద్యార్థులకి ఫోన్ చేసి ఫలానా మ్యాచ్ ఏమైందని అడిగారు. గెలిచిన మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు "మనం" ఎక్కువ వినపడింది, ఓడిన మ్యాచ్ దగ్గరికొచ్చేసరికి తగ్గిపోయింది. ఇంకో సంగతి. మ్యాచ్ గురించి అడిగే ముందు వాళ్ళకి చిన్న పరీక్షలాంటిది పెట్టి, కొందరితో నువ్వు బాగా చెయ్యలేదని చెప్పారు. అలా దెబ్బతిన్నవాళ్ళలో ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపించింది. తన గౌరవం కాస్త తగ్గిందనిపించినవాడికే పక్కవాడి గెలుపు ఎక్కువ అవసరం. పక్కవాడి ఓటమిని దులిపేసుకోడం కూడా అతనికే ఎక్కువ అవసరం.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ జనవరి మొదటివారంలో ఆఫీసులో నాది ఒక రిలీజ్ పోయింది. నా కోడ్‌లోనే తప్పు. పెద్ద నష్టం జరగలేదు గానీ, కాల్‌లో పదిహేను మంది ఉండగా అది నా తప్పేనని తేలింది. ఆ సాయంత్రం మ్యాచ్ చూశాను. టైటాన్స్ మళ్ళీ దగ్గరదాకా వచ్చి పోగొట్టుకుంది. ఆఖర్లో ఒక డిఫెండర్ అక్కర్లేకుండా ముందుకెళ్ళి పట్టబోయి పాయింటిచ్చాడు. అతని పేరు ఇక్కడ రాయను. ఆరోజు మాత్రం రాశాను. మా బంధువుల కుర్రాళ్ళందరికీ కబడ్డీ కోసమే ఒక వాట్సాప్ గ్రూపుంది. అందులో అతని గురించి ఒక మాటన్నాను. ఆట గురించి కాదు, మనిషి గురించి. "వీడికి డబ్బులెవడిస్తున్నాడ్రా, బుర్ర లేని" అని మొదలై ఇంకా కిందికి పోయింది. పైగా "వీళ్ళు మారరు, వీళ్ళ ఖర్మ" అని ముగించాను. నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు.

మా బామ్మర్ది ఏ బొమ్మా పెట్టలేదు. రాత్రి పదకొండుకి విడిగా ఒక మెసేజ్ పెట్టాడు. "బావా, ఆ తప్పు నేనూ చేశాను. గుర్తుందా."

గుర్తుంది. వాడు బందర్లో డిగ్రీ చదివేటప్పుడు కార్నర్ ఆడేవాడు. ఒంట్లో బలం తక్కువైనా కాలు పట్టడంలో మొనగాడు. ఒక టోర్నమెంటులో, ఒక్క పాయింటు ముందున్నారు, ఆఖరి రైడ్. అలాంటప్పుడు డిఫెన్స్ చెయ్యాల్సింది ఏమీ లేదు. వెనక్కి నిలబడి, తగలకుండా, రైడర్‌ని ఖాళీగా పంపించెయ్యడమే. చిన్నపిల్లాడికి కూడా తెలుసు. వీడు వెళ్ళి చీలమండ పట్టబోయాడు. జారిపోయింది. పాయింటు పోయి టై అయింది, తర్వాత టైబ్రేక్‌లో ఓడిపోయారు. ఎందుకు వెళ్ళావురా అని అప్పుడు అడిగితే, "వాడు వెనక్కి తిరిగాడు బావా, దొరికాడనిపించింది" అన్నాడు. ముప్ఫై సెకన్ల రైడ్‌లో ఆ "అనిపించింది"కి పట్టేది అరసెకను. అదే భుజానికి తర్వాతి ఏడాది దెబ్బ తగిలి, వాడు ఆడటం మానేశాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం అన్న ఆశ కూడా దాంతోనే పోయింది. ఇప్పుడు చెరువుల మీద పని చూసుకుంటున్నాడు.

నేను వాడికి "సారీ రా, నిన్ననలేదు కదా" అని రాశాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. టీవీలో ఉన్నవాణ్ణి అన్నాను. వాడూ ఎవరికో బామ్మర్దే.

*

నేనన్నది చిన్నమాట, గదిలోపల మాట. దాన్ని పెద్దది చేసి చూపించను. కానీ ఆ దారి ఎంతదూరం పోతుందో అంతకు ఐదు నెలల ముందే దేశం చూసింది.

టోక్యో ఒలింపిక్స్, 2021. మహిళల హాకీలో భారత జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడింది. నెదర్లాండ్స్‌తో 1-5, జర్మనీతో 0-2, బ్రిటన్‌తో 1-4. తర్వాత ఐర్లాండ్ మీద ఒకే ఒక్క గోల్‌తో గెలిచింది. జూలై 31న దక్షిణాఫ్రికా మీద 4-3. ఆ మ్యాచ్‌లో వందనా కటారియా మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళ ఆమె. ఆగస్టు 2న క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 1-0. గోల్ గుర్జీత్ కౌర్‌ది. ఆ తర్వాత గోల్‌కీపర్ సవిత ఆస్ట్రేలియాని మ్యాచ్ చివరిదాకా ఆపింది. హాకీ స్టిక్ ఎలా పట్టుకుంటారో తెలీని నేను కూడా ఆరోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. దేశమంతా "గెలిచాం" అంది.

ఆగస్టు 4న సెమీ ఫైనల్లో అర్జెంటీనాతో 1-2తో ఓడారు. ఆ రాత్రి హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వందన ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో దూషించారని కుటుంబం ఫిర్యాదు చేసింది. జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిపోయారని అన్నారట. పోలీసు కేసయింది, అరెస్టులు జరిగాయి.

హ్యాట్రిక్‌కీ ఆ టపాకాయలకీ మధ్య నాలుగే రోజులు. "మనం" నుంచి "వాళ్ళు"కి నాలుగు రోజుల ప్రయాణం. గమనించాల్సిందేమిటంటే, ఓడినప్పుడు బయటికి తోసెయ్యడానికి గీత కొత్తగా గియ్యక్కర్లేదు. కులం గీత, ఊరి గీత, ఆడామగా గీత ముందే ఉన్నాయి. గెలిచినప్పుడు వాటిమీద కాసేపు దుప్పటి కప్పుతాం. "మనం" అన్న మాట ఆ దుప్పటి మాత్రమే అయితే, అది అబద్ధం కంటే హీనం. అందులోకి పిలవబడ్డవాళ్ళకి, ఎప్పుడు లాగేస్తారో తెలీని దుప్పటి అది.

అందుకే అభిమాని నీతిని గెలుపులో వెతకడం దండగ అని నాకనిపిస్తుంది. గెలుపులో అందరం మంచివాళ్ళమే. ఓటమి రోజు అతను ఏ సర్వనామం వాడాడన్నదే పరీక్ష.

*

అయితే ఇక్కడ ఆగిపోతే ఇది నీతిబోధ అవుతుంది. నన్ను ఇంకో ప్రశ్న తొలిచింది. ఓటములు భరించినవాడికే గెలుపు సంతోషం మీద హక్కుందా? నిజాయితీగా "ఓడిపోయాం" అన్నవాడే "గెలిచాం" అనాలా?

ముందు అలాగే అనుకున్నాను. బాకీ లెక్కలా. ఇన్ని రాత్రులు కట్టాను కాబట్టి ఈ రాత్రి నాది. కానీ ఆ లెక్క నిలబడలేదు. మా నాన్ననే తీసుకోండి. ఆయన అన్ని మ్యాచ్‌లూ చూడడు. సీరియల్ అయిపోయాక అమ్మ రిమోట్ ఇస్తే చూస్తాడు. ఆ సీజన్లో మూడో నాలుగో చూసుంటాడు. ఆయన "హమ్మయ్య"లో నాకు తక్కువదనం ఏమీ వినపడలేదు. అదీగాక బాధపడ్డం పెట్టుబడి అయితే, ఎక్కువ బాధపడ్డవాడు ఎక్కువ వడ్డీ అడుగుతాడు. ఆటగాణ్ణి తిట్టే హక్కు కూడా అలాగే వస్తుంది. "ఇన్నేళ్ళనుంచి చూస్తున్నా, నాకు అనే హక్కుంది" అని. ఆ జనవరిలో నేను ఆ మాట అన్నది సరిగ్గా అలాంటి వడ్డీ వ్యాపారిగానే.

దీనికి జవాబు ఆ సంక్రాంతి తర్వాత అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు కొంత దొరికింది. అక్కడ మా చిన్న తాతయ్య ఉన్నాడు. డెబ్భై దాటాయి. కుర్రతనంలో చెడుగుడు ఆడేవాడు. కోతలైపోయిన చేలల్లో, ఏటి ఇసకలో. మాటల్లో ఆ 35-34 మ్యాచ్ వచ్చింది. నేను ఇదంతా ఆయనకి చెప్పలేదు. "ఇన్ని ఓటములు చూశాక ఒక్క గెలుపు వస్తే ఎంత బావుందో తాతయ్యా, ప్రాణం లేచొచ్చింది" అన్నాను.

ఆయన 1977 నవంబరు 19 చూసిన మనిషి. దివిసీమని ఉప్పెన ముంచిన రోజు. అక్కనీ అక్క పిల్లల్నీ పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ఆయన ఎత్తడు, మేం అడగం. నా మాటకి ఆయన నవ్వి, "ఆటలో చచ్చినోడే కదరా లేచేది" అన్నాడు.

ఆయన పెద్ద తత్వం చెప్పాలని అన్న మాట కాదు. చెడుగుడు భాష అది. మనవైపు ఎవరైనా ఔటైతే "చచ్చాడు" అంటాం. మన రైడర్ అవతల ఒకణ్ణి తాకి వస్తే, మనలో ఒకడు "లేస్తాడు". బోనస్ పాయింటుకి లేవడు. అవతలి మనిషిని ఔట్ చేస్తేనే లేస్తాడు. అది కూడా చచ్చిన వరసలోనే, ముందు పోయినవాడు ముందు. ఇంకా విచిత్రం, ఏడుగురూ పోతే ఆట అయిపోదు. అవతలి జట్టుకి రెండు పాయింట్లు ఎక్కువిచ్చి, ఏడుగుర్నీ మళ్ళీ నిలబెడతారు. పూర్తిగా పోయిన జట్టు పూర్తిగా లేస్తుంది. ఒక్కడు మిగిలి ఈడ్చడం కంటే అదే నయమని కొన్నిసార్లు ఆడేవాళ్ళకీ అనిపిస్తుందట.

ఆ నియమం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ మనిషి నోట్లోంచి విన్నప్పుడే అర్థమైంది. ఆటలో పోయినవాడు లేస్తాడు. బయట లేవడు. ఆట అంటే ఆ ఒక్క తేడానే. నేను పడ్డ "బాధ" బాధే, కాదనను. కానీ దానికి నేను బిల్లు వెయ్యలేను. దాన్లో తిరిగిరానిది ఏదీ పోలేదు. ఓటమి తిరిగి సరిదిద్దుకోగలిగిన చోట కాసేపు బతకడానికే మనం ఆట చూస్తాం. అలాంటి చోటు కోరుకునే హక్కు నాకంటే మా చిన్న తాతయ్యకే ఎక్కువ. కానీ ఆయన హక్కులు లెక్కేసుకోడు. మ్యాచ్ వస్తే చూస్తాడు, బాగా పడితే చెయ్యి తొడమీద కొట్టుకుంటాడు.

కాబట్టి గెలుపు సంతోషం సంపాదించుకునేది కాదు. ఎవరికైనా దొరుకుతుంది, దారినపోయేవాడికి కూడా. అయితే టీవీలో ఉన్న మనిషికి మాత్రం అది ఆట ఒక్కటే కాదు. అతని భుజం నిజంగా విరుగుతుంది. అతని కాంట్రాక్టు నిజంగా పోతుంది. మన ఓటమి రేపు లేస్తుంది, అతను లేవకపోవచ్చు, మా బామ్మర్ది లేవనట్టు. "మేము" అనే హక్కు వాళ్ళకే ఉండటానికి కారణం అదీ. మనం వాళ్ళకి బాకీ పడ్డది కేకలు కాదు. తప్పు చేసిన రాత్రి కూడా మనవాడే అనడం. అంతే.

*

2024 అక్టోబరు 18న పదకొండో సీజన్ హైదరాబాద్ గచ్చిబౌలిలో మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే టైటాన్స్ 37-29తో బెంగళూరు బుల్స్ మీద గెలిచింది. స్టేడియంలో నేనున్నాను, మా బామ్మర్దీ ఉన్నాడు. నాగాయలంక నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. చుట్టూ వేలమంది. గొంతులు పోయేలా అరిచాం. ఆ సీజన్లో జట్టు 12 గెలిచి 66 పాయింట్లు తెచ్చుకుంది. అంతకు ముందు మూడేళ్ళలో ఆడిన మ్యాచ్‌లెన్నో సరిగ్గా అన్ని పాయింట్లు. అయినా ఏడో స్థానం, అప్పట్లో ప్లేఆఫ్స్‌కి వెళ్ళేది ఆరుగురే. 2025లో ఇంకాస్త ముందుకెళ్ళి, ఫైనల్‌కి ఒక్క మ్యాచ్ దూరంలో పుణేరి పల్టన్ చేతిలో ఓడిపోయింది.

ఇవన్నీ పెద్ద సంగతులు. కానీ తృప్తి అంటే నాకింకా ఆ ఖాళీ హోటల్లో జరిగిన 35-34 మ్యాచే గుర్తొస్తుంది. ఆ గెలుపుతో ఏమీ మారలేదు. పన్నెండో స్థానం పన్నెండో స్థానమే. కప్పు రాదు, ప్లేఆఫ్స్ రావు, చప్పట్లు కొట్టడానికి మనిషి లేడు. ఆ ఏడుగురూ ఎందుకు అంత గట్టిగా ఆడినట్టు? ఆరోజు ఆడాల్సిన ఆట అది కాబట్టి. ఫలితం నుంచి ఏ లాభమూ రానప్పుడు మిగిలే ఆట ఎలా ఉంటుందో ఆ రాత్రి చూశాను. నాకు ఆఫీసులో కూడా అలాంటి రోజులుంటాయి. ప్రాజెక్టు మూసేస్తారని తెలిసీ ఆఖరి బగ్ సరిచేసే రోజులు.

ఆ రాత్రి గురించి ఒక సంగతి చెప్పలేదు. నేను ఫోన్ పెట్టేశాక నాన్న అడిగాడు, "ఎవడ్రా?" అని. చెప్పాను. "ఏవంటాడు?" అన్నాడు. "గెలిచాం అంటున్నాడు" అన్నాను. నాన్న టీవీ వైపే చూస్తూ, "ఆఁ. మనవాళ్ళు ఇవాళ బానే ఆడారు" అన్నాడు.

తర్వాత ఆలోచిస్తే తట్టింది. ఆయన ఎప్పుడూ అనేది అదే మాట. ఓడినప్పుడు "మనవాళ్ళు ఇవాళ ఆడలేదు", గెలిస్తే "మనవాళ్ళు బానే ఆడారు". అందులో గెలుపుని జేబులో వేసుకోడం లేదు, ఓటమిని బయటికి నెట్టడం లేదు. ఆడింది వాళ్ళేనన్న ఎరుక ఉంది, వాళ్ళు మనకేమౌతారో కూడా ఉంది. పెళ్ళింట్లో పని పాడైనా, చుట్టం పరీక్ష తప్పినా మనవైపు ఇలాగే అంటారు. నాకు మూడేళ్ళు, ఒక అమెరికా అధ్యయనం, ఒక తాతయ్యా పట్టిన చోటికి ఆయన ఏమీ ఆలోచించకుండానే చేరి కూచున్నాడు.

పుణేరి పల్టన్‌తో ఓడిన రాత్రి గ్రూపులో నేనే ముందు రాశాను. "ఓడిపోయాం. మనవాళ్ళు బాగా ఆడారు." మా బామ్మర్ది ఒక దండం బొమ్మ పెట్టాడు. కాసేపు నామీద నాకే మంచి అభిప్రాయం కలిగింది. తర్వాత అనుమానం వచ్చింది. మూడో స్థానందాకా వచ్చిన ఏడాది ఈ మాట అనడం ఏం గొప్ప? మళ్ళీ 22కి ఒక్కటి గెలిచే సీజన్ వస్తుంది. ఎవరో ఒక కుర్రాడు ఆఖరి రైడ్‌లో, ఒక్క పాయింటు ముందుండగా, అక్కర్లేని కాలు పట్టడానికి వెళ్తాడు. ఆరోజు ఆఫీసులో నాది కూడా ఏదో ఒక రిలీజ్ పోయి ఉంటుంది. అప్పుడు ఏమంటానో చూడాలి.